ఒంట్లు వచ్చాయి, లెక్క రాలేదు

పోయిన సంక్రాంతికి హనుమకొండలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. తినడానికి కూర్చునే ముందు మా అమ్మాయి నాలుగేళ్ల నా మనవరాలిని హాల్లో నిలబెట్టి వన్ నుంచి హండ్రెడ్ దాకా చెప్పించింది. పిల్ల ఎక్కడా తడబడలేదు. ఫిఫ్టీ నైన్ దగ్గర ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని సిక్స్‌టీ అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే వంటింట్లో సర్వపిండి దించుతున్న నేను, "బిడ్డా, ఐదు ప్లేట్లు పట్టుకురా" అని పిలిచాను. "ఐదంటే ఫైవ్" అని వాళ్లమ్మ కూడా చెప్పింది. పిల్ల షెల్ఫులో ఉన్న స్టీలు ప్లేట్లన్నీ గుండెలకు హత్తుకుని తెచ్చింది. కింద పరిచి "ఎన్ని తెచ్చినవ్?" అని అడిగాను. వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. ఒక ప్లేటును రెండుసార్లు తాకింది, ఒకదాన్ని వదిలేసింది, నైన్ దగ్గర ఆగింది. "అయితే ఎన్ని?" అన్నాను. మళ్లీ వన్ నుంచి మొదలుపెట్టింది. మూడోసారి అడిగితే మళ్లీ అదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లకేదో లోపం ఉందని కాదు, నాలుగేళ్ల పిల్లలు చాలామంది అక్కడే ఉంటారు. నాకు గుర్తొచ్చింది నేను పనిచేసిన బడులు. వర్ధన్నపేట, పరకాల వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతులకు చెప్పాను. పొద్దున్నే ప్రార్థన అయ్యాక ఒంట్లు. గట్టి గొంతున్న పిల్లవాడు ముందు నిలబడి చెప్పడం, మిగతావాళ్లు అందుకోవడం. "ఒకటీ... రెండూ... మూడూ..." అని బడంతా మోగుతుంటే చదువు నడుస్తోందని నాకూ అనిపించేది. ఊళ్లోవాళ్లకూ అలాగే అనిపించేది. మూడో తరగతికొచ్చిన పిల్లలు కూడికల్లో ఎందుకు తడబడుతున్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒంట్లు వచ్చిన పిల్లకు లెక్క వచ్చినట్టేనని మనం అనుకుంటున్నాం. ఆ రెండూ వేరు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

లెక్కపెట్టడం అనేది ఒకే పనిలా కనిపిస్తుంది గానీ అందులో చాలా పనులున్నాయి. రోచెల్ గెల్‌మన్, సి. ఆర్. గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో దాన్ని ఐదు సూత్రాలుగా విడదీశారు. ఒక వస్తువుకు ఒకే మాట. మాటల వరుస మారకూడదు. చివర చెప్పిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. దేన్నయినా లెక్కించవచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా లెక్క మారదు. ఒంట్లు వీటిలో ఒక్కదాన్నే నేర్పుతాయి, వరుసను. మా మనవరాలికి ఆ వరుస బ్రహ్మాండంగా వచ్చు. ప్లేట్ల దగ్గర ఆమెకు అందనివి మొదటిదీ మూడోదీ. ‘ఎన్ని’ అనే ప్రశ్నకు ఒక మాటతో జవాబివ్వాలని ఆమెకు తెలియదు. ఎన్ని అంటే లెక్కపెట్టి చూపించమని అడుగుతున్నారని అనుకుంటోంది.

వరుస గురించి ఒక మాట. మా తాత కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. లాభం, రెండు, మూడు... అలా పోయేది కొలత. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. ఒకటి అనకపోతే లెక్క తప్పదా అని అడిగాను. తాత ప్రతి కుంచానికీ ఒక మట్టిపెల్ల పక్కన పెట్టేవాడు, ఆ పెల్లలు చూపించి "తప్పదు బిడ్డా, ఇవి ఉన్నయి గద" అన్నాడు. మొదటి మాట ఏదైనా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే చోట అదే మాట వస్తే చాలు, మాటకో పెల్ల ఉంటే చాలు. గెల్‌మన్, గాలిస్టెల్ రాసింది చదివినప్పుడు నాకు ముందు కళ్లంలోని ఆ పెల్లలే కనిపించాయి. అక్షరం రాని మనిషి కళ్లకు కనిపించే సాధనం పెట్టుకుని లెక్క నడిపాడు. మనం పిల్లల ముందు నుంచి ఆ పెల్లలు తీసేసి మాటలు మాత్రం మిగిల్చాం.

పిల్లలకు అంకెల అర్థం ఒక్కసారిగా రాదు. కరెన్ విన్ అనే పరిశోధకురాలు 1990ల మొదట్లో చేసిన పని దీన్ని బాగా చూపించింది. ఆమె పద్ధతి చాలా తేలిక. పిల్లల ముందు బొమ్మల కుప్ప పెట్టి "ఒకటి ఇవ్వు", "రెండు ఇవ్వు", "మూడు ఇవ్వు" అని అడగడం. రెండున్నర, మూడేళ్ల పిల్లలు చాలామంది ఒకటి అడిగితే ఒకటే ఇస్తారు, అంతకు మించి ఎన్ని అడిగినా గుప్పెడు తీసి ఇస్తారు. కొన్ని నెలలకు రెండు అంటే ఏమిటో తెలుస్తుంది. ఇంకొన్ని నెలలకు మూడు. మూడో నాలుగో తెలిశాక, చివర చెప్పిన మాటే మొత్తం అనే అసలు సంగతి పట్టుబడుతుంది. అక్కడి నుంచి తను వరుసగా చెప్పగలిగినన్ని లెక్కపెట్టి ఇవ్వగలదు. అంటే ‘రెండు’కూ ‘మూడు’కూ మధ్య పిల్లకు నెలల దూరం ఉంది. ఆ నెలల్లో మనం ఆమెతో హండ్రెడ్ దాకా పరుగు తీయిస్తున్నాం.

మీ ఇంట్లో ఇప్పుడే చేసి చూడండి. ఇరవై సీసా మూతలు కింద పోసి, పిల్లను "నాకు మూడు ఇవ్వు" అని అడగండి. లెక్కపెట్టమని చెప్పొద్దు, వేళ్లతో చూపించొద్దు, ఇచ్చాక "సరిగ్గా చూడు" అనొద్దు. నాలుగో ఐదో ఇస్తే కోప్పడొద్దు. ఆమె ఎక్కడుందో మీకు తెలిసింది, అంతే. ఆ మర్నాడు నేను ఇదే చేశాను. మా పిల్ల మూడు వరకు సరిగ్గా ఇచ్చింది. నాలుగు అడిగితే ఆరు ఇచ్చింది. కాబట్టి మా పని నాలుగు దగ్గర మొదలైంది.

సర్వపిండి దగ్గరే ఇంకో పాఠం దొరికింది. గిన్నెకు పిండి అద్ది వేళ్లతో బొక్కలు పెడతాం కదా, నూనె పోయడానికి. ఆ బొక్కలు లెక్కపెట్టమన్నాను. పిల్ల గుండ్రంగా తిరుగుతూ పోయింది, ఎక్కడ మొదలుపెట్టిందో గుర్తులేదు, ఆగలేదు. తెలివైన పిల్లలు కూడా గుండ్రంగా ఉన్నవాటి దగ్గర ఇలాగే తిరుగుతారు. అప్పుడు ఒక్కో బొక్కలో ఒక్కో పల్లీ గింజ పెట్టించాను. గింజ పడ్డ బొక్క అయిపోయింది, పడనిది మిగిలింది. ఈసారి తప్పలేదు. చేసిందల్లా ఒక్కటే, అయిపోయినవాటినీ మిగిలినవాటినీ కంటికి వేరుగా కనిపించేలా చేయడం. లెక్కలు నేర్పే సాధనం ఏదైనా చేయాల్సిన మొదటి పని ఇదేనని నా అభిప్రాయం. రెండు పళ్లేలు పెట్టి, ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి ఒక్కోటి మారుస్తూ లెక్కించమంటే ఇదే జరుగుతుంది. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, లెక్కించినవాటిని గీత అవతలికి జరపమన్నా ఇదే.

ఇంక గోడల మీద అంకెల చార్టుల సంగతి. మా అమ్మాయి కొన్న చార్టులో ఒకటి పక్కన పెద్ద ఏనుగు, రెండు పక్కన రెండు కార్లు, పది పక్కన చోటు సరిపోక చిన్న చిన్న చీమలు. చిన్న పిల్ల కంటికి ఏది ఎక్కువ కనిపిస్తుంది? ఏనుగే. పైగా అన్నీ రంగురంగుల బొమ్మలు. ఏనుగు తొండం గురించి, కారు రంగు గురించి ఆమె మాట్లాడుతుంది, రెండు గురించి మాట్లాడదు. చార్టు ముందు ఆమె చేతులు ఖాళీ. మూత తీసి పక్కన పెట్టినట్టు చీమను తీసి పక్కన పెట్టలేదు. ఇది అలంకరణ. అలంకరణ ఉండటం తప్పు కాదు, దాన్ని పాఠం అనుకోవడం తప్పు. సాధనం ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. ఒకే రకం, ఒకే సైజు, ఒకే రంగు.

వాడే క్రమం కూడా ముఖ్యం. జెరోమ్ బ్రూనర్ 1966లో రాసిన క్రమాన్నే నేను నమ్ముతాను. ముందు చేత్తో చేయడం, తర్వాత బొమ్మలో చూడటం, ఆ తర్వాత గుర్తుతో రాయడం. మా ఇంట్లో నాలుగు ఇలా నడిచింది. వారం రోజులు మూతలతోనే. తర్వాత పాత పెళ్లిపత్రికల వెనుక నల్లటి చుక్కలు గీసి, "ఈ అట్ట మీద ఎన్ని చుక్కలున్నయో అన్ని మూతలు తే" ఆట. మొదట్లో ప్రతి చుక్క మీదా మూత పెట్టి సరిచూసుకునేది. కొన్నాళ్లకు దూరం నుంచే చూసి తెచ్చేది. అప్పుడు గానీ అట్ట మూలన 4 అని రాయలేదు. రాశాక కూడా వెంటనే చుక్కలు తీసేయలేదు. మరో వారం రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మా చిన్నప్పుడు పలకకే పైన తీగలు, తీగల మీద పూసలు ఉండేవి. పైన పూసలు జరపడం, కింద బలపంతో రాయడం, రెండూ ఒకే చట్రంలో. ఇప్పుడు పిల్లల బ్యాగుల్లో ఆ పలక లేదు, వర్క్‌బుక్కులున్నాయి. నాకు బాధగా ఉంటుంది.

అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది గుడ్ల ట్రే. ముప్పై గుడ్లు పట్టే అట్ట ట్రేలో ఒకవైపు ఐదు, మరోవైపు ఆరు గుంటలుంటాయి. ఐదేసి గుంటల వరుసలు రెండు వచ్చేలా కత్తిరిస్తే పది గుంటల పెట్టె తయారు. ఒక్క ట్రేకు మూడు పెట్టెలు. పైసా ఖర్చు లేదు. ఇందులో ఏడు మూతలు పెడితే పై వరుస నిండుతుంది, కింద రెండు ఉంటాయి, మూడు ఖాళీ. ఏడు అంటే ఐదు, ఇంకో రెండు అనీ, పదికి మూడు తక్కువ అనీ పిల్ల కన్నే చెబుతుంది. మన కన్ను మూడు, మహా అయితే నాలుగు వస్తువుల దాకా లెక్కపెట్టకుండానే ఎన్నో చెప్పగలదు. అంతకు మించితే గుంపులు కావాలి. ఐదు గుంటల వరుస ఆ గుంపు. వామనగుంటలు ఆడినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గుంటలోకి చూడగానే ఎన్ని గింజలున్నాయో మా అమ్మ చెప్పేది.

అంగన్‌వాడీల్లో పిల్లలకు గుడ్లు వండి పెడతారు కాబట్టి ఈ ట్రేలు అక్కడ ఎప్పుడూ ఉంటాయి. మా వీధి చివరి కేంద్రంలో టీచరమ్మకు చూపిస్తే మర్నాటికి పిల్లలందరికీ సరిపడా కత్తిరించి పెట్టింది. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు చెప్పడం అంగన్‌వాడీ పనుల్లో ఒకటి. రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు, బరువులు తూయడం, వీటన్నిటి మధ్య ఆ టీచర్లకు చదువు చెప్పే గంట దొరకడమే కష్టం. ఆ గంటలో ఖరీదైన కిట్టు కంటే చేతికందే ట్రేయే ఎక్కువ పని చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చింతగింజలు, బఠానీలు, పూసలు చిన్నపిల్లల ముక్కుల్లోకీ గొంతుల్లోకీ పోతాయి. మూడేళ్ల లోపు వాళ్లకు అసలు ఇవ్వొద్దు, ఆ పైన కూడా పక్కన పెద్దవాళ్లు లేకుండా ఇవ్వొద్దు. వాళ్లకు మింగలేనంత పెద్ద మూతలు, బట్టల క్లిప్పులు, చెంచాలు చాలు.

వేళ్ల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. వేళ్లు పెట్టి లెక్కిస్తున్న పిల్లల చేతులు కిందికి దించిన టీచర్లను చూశాను. నేనూ దించాను. "నోట్లో చెప్పు, వేళ్లు తీయ్" అన్నాను. ఆ పిల్లలకు క్షమాపణ చెప్పుకోవాలని ఇప్పటికీ ఉంటుంది. వేళ్లు పిల్లతోనే పుట్టిన పది పెల్లలు. ఎక్కడా మరిచిపోయి రాదు. మన ఆడవాళ్లు బొటనవేలిని వేళ్ల కణుపుల మీద జరుపుతూ వేలికి మూడు చొప్పున జపం లెక్క, రోజుల లెక్క చేస్తారు. మా అమ్మ పాలవాడి లెక్క గోడ మీద బొగ్గు గీతలతో పెట్టేది, నెలాఖరుకు ఆ గీతల ముందు నిలబడితే పాలవాడు కూడా ఎదురు మాట్లాడేవాడు కాదు. పెద్దలకు గీతలు కావాలి, కణుపులు కావాలి, పిల్లకు మాత్రం ఏమీ వద్దని ఎలా అంటాం? మా పిల్లకు ఒక చెయ్యి చాచితే ఐదు, లెక్కపెట్టకుండానే ఐదు, అని స్థిరపడ్డాక ఆరు చాలా తేలికైంది.

ఇంక భాష. దీని మీద నాతో విభేదించేవాళ్లు చాలామంది ఉన్నారు, మా అల్లుడితో సహా. నా మాట ఇది. పిల్ల ఉప్పు ఏ భాషలో అడుగుతుందో ముందు ఆ భాషలోనే లెక్కపెట్టాలి. మా ఇంట్లో "నాలుగు చెంచాలు తే" అంటాం, స్కూల్లో ‘ఫోర్’ అంటారు. పిల్లకు ‘నాలుగు’ అనే మాటకు వస్తువులు దొరికాయి గానీ వరుస లేదు, ‘ఫోర్’కు వరుస ఉంది గానీ వస్తువులు లేవు. రెండూ కలవలేదు. పైగా ఇంగ్లిష్‌లో థర్టీన్-థర్టీ, ఫోర్టీన్-ఫార్టీ చెవికి దాదాపు ఒకటే. తెలుగులో పదమూడూ ముప్పై కలిసిపోవు. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని మాటలోనే లెక్క విప్పి ఉంటుంది. పదకొండు, పన్నెండు దగ్గర కొంచెం కష్టమే, ఒప్పుకుంటాను.

తెలుగులో ఇంకొక అందం ఉంది. మనుషులను వేరే మాటలతో లెక్కిస్తాం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. మా పిల్ల మొన్నటిదాకా "మూడు అక్కలు వచ్చిండ్రు" అనేది. నవ్వి వదిలేయకుండా దాన్ని ఆట చేశాం. ముగ్గురు అక్కల ముందు మూడు ప్లేట్లు. నలుగురికి నాలుగు. ఒక్కో మనిషి ముందు ఒక్కో ప్లేటు పెట్టేసరికి ‘ముగ్గురు’లో ఉన్నదీ ‘మూడు’లో ఉన్నదీ ఒకటేనని ఆమెకు చేతుల్లో తెలిసింది. అంకె వస్తువుకు అంటుకుని ఉండదు, ప్లేటుకైనా అక్కకైనా మూడు మూడే. ఇంత లోతైన సంగతిని మన భాష అన్నం దగ్గర నేర్పుతుంది.

వాకిట్లో నేను ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని చుక్కలు పెట్టడం ఇప్పుడు ఆమె పని. ఐదు చుక్కలు, ఐదు వరుసలు. సందు చుక్కలకు ఇంకా టైముంది. లోపల హాల్లో షాబాద్ బండలున్నాయి. పది బండల మీద వరుసగా 1 నుంచి 10 దాకా సుద్దముక్కతో రాసి, ఒక చిన్న అట్టపెట్టెకు కొన్ని ముఖాల మీద ఒక చుక్క, కొన్నిటి మీద రెండు చుక్కలు పెట్టి పాచిక చేశాం. పాచిక ఎంత పడితే అన్ని బండలు ముందుకు. నియమం ఒక్కటే. ఐదు మీద ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అనకూడదు, "ఆరు, ఏడు" అనాలి. ఇది నా ఊహ కాదు. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఇలాంటి గడుల ఆట ఆడించి 2008లో ఫలితాలు రాశారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. అంకెలున్న గడుల మీద ఆడిన పిల్లలు ఏది పెద్ద అంకె, ఏది ఎక్కడుంటుంది అనేది బాగా చెప్పగలిగారు. అంకెలకు బదులు రంగులున్న గడుల మీద ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. మొత్తం గంట ఆట. మనం హోంవర్కు మీద వారానికి ఎన్ని గంటలు పెడుతున్నాం?

"ఇవన్నీ బాగానే ఉన్నయి గానీ స్కూల్లో వన్ టు హండ్రెడ్ రాయమంటున్నరు కదమ్మా" అంటుంది మా అమ్మాయి. ఆమె టెన్షన్ నాకు తెలుసు. ఎల్‌కేజీ పిల్లకు డిక్టేషన్, తప్పు పోతే డైరీలో ఎర్ర ఇంకు. మా పిల్ల డైరీలో ‘నంబర్స్ వీక్’ అని రాసి పంపారు, ఆ రోజు తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూడమనీ, ఆటతో, చేత్తో చేసే పనులతో నేర్పమనీ చెప్పింది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో అంకెల అవగాహన ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ ఫీజు కట్టిన తల్లిదండ్రులకు నింపిన నోటుబుక్కు కావాలి, స్కూలు అదే ఇస్తుంది. స్కూలును ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. నోటుబుక్కు బదులు "మా పిల్ల అడిగినన్ని తెచ్చి ఇవ్వగలదా?" అని పేరెంట్స్ మీటింగులో అడిగేవాళ్లు నలుగురుంటే మారుతుంది. మా అమ్మాయి పోయిన నెల అడిగింది. టీచరు కాసేపు ఆలోచించి, క్లాసులో మూతల డబ్బా పెడతానంది.

ఒంట్లు వద్దని నేను అనడం లేదు. వరుస కావాలి, పాటలా నోటికి రావాలి, అందులో పిల్లకు సంతోషం కూడా ఉంది. పది దాకా వరుస, పది దాకా వస్తువులు పక్కపక్కన నడవాలి. వస్తువులు ఐదు దగ్గరుంటే వరుస వందకు పరిగెత్తాల్సిన పని లేదు. ఐదేళ్లు నిండకుండా వంద దాకా రాయించడం మాత్రం ఆపాలి. ఇందులో నేను వెనక్కి తగ్గను.

మొన్న ఆదివారం అందరం వరంగల్ కోటకు వెళ్లాం. మైదానంలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటాయి. పిల్ల ఒకదాని నుంచి ఇంకోదానికి పరిగెత్తుతూ లెక్కపెడుతోంది. సర్వపిండి బొక్కల్లాగే, మొదలుపెట్టిన చోటికొచ్చి ‘ఐదు’ అంది. తర్వాత తనకే అనుమానం వచ్చింది. తోరణాలను పళ్లెంలోంచి పళ్లెంలోకి మార్చలేం కదా. ఆమె కిందకు వంగి ఒక చిన్న రాయి తీసి తోరణం మొదట్లో పెట్టింది. నేనేమీ చెప్పలేదు. రెండోదాని దగ్గర ఇంకో రాయి, మూడోదాని దగ్గర ఇంకోటి. నాలుగోది పెట్టి, నడుచుకుంటూ మొదటి తోరణం దగ్గరికొచ్చి, అక్కడ తన రాయి ఉండటం చూసి ఆగింది. "నాలుగే అమ్మమ్మా" అంది. తిరిగి వెళ్లి నాలుగు రాళ్లూ ఏరుకుని ఫ్రాకు జేబులో వేసుకుంది. ఇంటికొచ్చాక వాటిని హాల్లో బండ మీద నాలుగు వైపులా పెట్టి, వాళ్ల నాన్నకు చూపిస్తూ "ఇవి తోరణాలు" అని చెప్పింది.